రెండు ఫారాల మధ్య ఐడీ ఒక్కటే పంపు

చిరంజీవి బుజ్జమ్మకు,

ఎక్సెల్‌లో వీబీఏ (ఎక్సెల్ లోపలి ప్రోగ్రామింగ్ భాష)తో చేసిన మొదటి ఫారంలో పేరు ఎంచుకోగానే రెండో ఫారంలో ఆ మనిషి వివరాలన్నీ రావాలన్నావు. కోడ్ ముట్టుకునే ముందు ఒక సంగతి తేల్చుకో: ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి ఏం పంపాలి? పేరు, ఫోను, చిరునామా అన్నీ విడివిడిగా పంపకు. ఒక్కొక్కరికి విడిగా ఉండే గుర్తింపు, అంటే ఐడీ ఒక్కటి చాలు. షీటులో ఆ మనిషి ఉన్న వరుస (రో) నంబరు పంపడం సులువనిపిస్తుంది గానీ వద్దు. మధ్యలో షీటు సార్ట్ అయినా, ఒక వరుస తీసేసినా ఆ నంబరు దగ్గరకి వేరే మనిషి వచ్చి కూర్చుంటాడు. నువ్వు చేసిన మార్పు అతని వివరాల మీద పడుతుంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎవరికీ తెలియదు.

డేటాను కంట్రోల్-టీతో టేబుల్ చెయ్యి. మొదటి ఫారంలో పేర్ల జాబితా చూపే కాంబోబాక్స్‌కి కాలమ్‌కౌంట్ 2, బౌండ్‌కాలమ్ 1, కాలమ్‌విడ్త్స్ 0;120 పెట్టు. ఐడీ లోపల దాగి ఉంటుంది, పైకి పేరే కనిపిస్తుంది. ఒకే పేరుతో ఇద్దరుంటే పక్కన ఊరి కాలమ్ కూడా చూపించు. జాబితాను షీటుకు కట్టేసే రోసోర్స్ జోలికి పోకుండా విలువలను నేరుగా లిస్ట్‌కి ఇవ్వు.

ఆ ఐడీ షీటులో ఏ వరుసలో ఉందో వెతకడానికి అప్లికేషన్.మ్యాచ్ మంచిది. దొరక్కపోతే ఎర్రర్ విలువ ఇస్తుంది. ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్‌లో పట్టుకుని ఈజ్‌ఎర్రర్‌తో చూసుకోవచ్చు. వర్క్‌షీట్‌ఫంక్షన్.మ్యాచ్ అయితే 1004 ఎర్రర్‌తో కోడే ఆగిపోతుంది. మూడో ఆర్గ్యుమెంటుగా 0 (అచ్చంగా సరిపోవాలి అని) తప్పకుండా రాయి. వదిలేస్తే 1 అనుకుంటుంది, సార్ట్ కాని జాబితాలో ఏదో ఒక తప్పుడు వరుస చేతిలో పెడుతుంది.

ఐడీ షీటులో కళ్లెదుటే ఉన్నా దొరకలేదంటుందా? చాలాసార్లు కారణం ఇదే: షీటులో 105 అంకె, టెక్స్ట్‌బాక్స్ నుంచి వచ్చిన 105 అక్షరాలు. మ్యాచ్ దృష్టిలో ఆ రెండూ ఒకటి కావు. సీలాంగ్ (CLng)‌తో అంకెగా మార్చి వెతుకు. ముందు సున్నాలుండే ఐడీలైతే మాత్రం కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గానే ఉంచి, టెక్స్ట్‌గా మార్చే సీఎస్టీఆర్ (CStr) వాడు. ఏమీ ఎంచుకోకపోతే లిస్ట్‌ఇండెక్స్ -1 ఉంటుంది. మార్చేముందు అది చూడు. అక్షరాల ఐడీలు కుదరకపోతే వెనక ఖాళీలున్నాయేమో గమనించు. వెబ్ నుంచి కాపీ చేసిన డేటాలో వచ్చే 160 కోడ్ ఖాళీని ట్రిమ్ తీయలేదు, రీప్లేస్‌తో తీసెయ్యాలి.

రెండో ఫారంలో వివరాలు నింపే పని ఇనిషియలైజ్‌లో పెట్టకు. ఫారం లోడ్ కాగానే అది నడుస్తుంది, అప్పటికి నీ ఐడీ చేరదు. ఐడీ తీసుకునే ఒక పబ్లిక్ సబ్ (బయటి నుంచి పిలవగలిగే కోడ్ ముక్క) రాసి, ముందు దాన్ని పిలిచి, ఆ తర్వాత ఫారం తెరిచే షో అను. ఈ క్రమం తారుమారైతే ఖాళీ పెట్టెలే కనిపిస్తాయి, ఎందుకంటే మోడల్ (modal) ఫారం, అంటే మూసేదాకా మిగతా పని ఆపే ఫారం, మూసేదాకా షో తర్వాతి లైను నడవదు. సేవ్ నొక్కినప్పుడు పాత వరుసను నమ్మకుండా ఐడీతో మళ్లీ వెతికి రాయి.

తేదీల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. టెక్స్ట్‌బాక్స్‌లోని 05-03-2024ని అలాగే సెల్‌లో రాస్తే మార్చి 5 కాస్తా మే 3 కావచ్చు. రోజు, నెల, సంవత్సరం విడదీసి డేట్‌సీరియల్‌తో రాయి. పరీక్షించేటప్పుడు 12 లోపు రోజులే ఇచ్చి చూడు. 25-03 లాంటివి చూడ్డానికి సరిగ్గానే కనిపించి, తప్పును దాచేస్తాయి.

ఆశీస్సులతో,
బాబాయి