అమ్మే ముందు కారుకి డీటెయిలింగ్: దేనికి డబ్బు పెట్టాలి, ఏది వదిలేయాలి

బెంగళూరులో ఎనిమిదేళ్ళు వాడిన కారు అమ్ముతున్నారు, డీటెయిలింగ్‌కి, అంటే లోపలా బయటా పూర్తిగా శుభ్రం చేసి మెరుగు పెట్టడానికి, సిరామిక్ కోటింగ్‌తో (పెయింట్ మీద వేసే రక్షణ పూత) కలిపి పద్దెనిమిది వేలు అడుగుతున్నారు, చేయించాలా అన్నది మీ ప్రశ్న. కోటింగ్ వద్దండీ, ఆ డబ్బు తిరిగి రాదు. లోపలి క్లీనింగ్ మాత్రం తప్పకుండా చేయించండి.

నిరుడు మారతహళ్ళిలో మా వ్యాగన్ఆర్ అమ్మాను. ఒకసారి ఒంగోలు నుంచి వస్తుంటే అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ డిక్కీలో ఒలికింది. తుడిచేశాం. తర్వాత ఆ వాసన మాకు అలవాటైపోయింది. కారు చూడటానికి మొదట వచ్చినాయన తలుపు తీయగానే ఆగి, "లోపలికి నీళ్ళేమైనా వెళ్ళాయా?" అన్నాడు. 2022 సెప్టెంబరు వానల్లో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు వైపు కార్లు మునగడం ఇక్కడ అందరూ చూసిందే. లోపల వాసన వస్తే ముందు ఆ అనుమానమే వస్తుంది. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

దగ్గర్లో ఒక చోట ఇస్తే సెంటు కొట్టి, డాష్‌బోర్డు మీద మెరుపు పూసి పంపారు. రెండు రోజులకి వాసన మళ్ళీ మొదలు. రెండో చోట సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి చూపించారు. నూనె కింది ఫోమ్‌లోకి దిగిపోయి ఉంది. షాంపూతో కడిగి, మెషీన్‌తో తడి లాగి, తలుపులు తెరిచి రోజంతా ఎండబెట్టారు. 2,800 తీసుకున్నారు. మీరు కూడా ముందే అడగండి, సీట్లు విప్పుతారా, ఎంతసేపు ఆరబెడతారు అని. మబ్బు పట్టిన రోజుల్లో సగం ఆరిన కారు ఇచ్చేస్తే ముక్కిన వాసన పట్టుకుంటుంది.

హెడ్‌లైట్లు పసుపెక్కి ఉంటే వాటికీ పెట్టండి. అది పాలికార్బనేట్, ఎండకి అలా అవుతుంది. తడి ఎమరీ పేపర్ 1000 నుంచి 3000 నంబరు దాకా రుద్ది పాలిష్ పెడితే బండి ముఖమే మారిపోతుంది. పైన ఎండను ఆపే పూత వేయకపోతే మాత్రం మళ్ళీ పసుపెక్కుతుంది.

బయట బోరు నీళ్ళ మరకలకి ఒక్కసారి తేలికపాటి రబ్బింగ్ (పేస్టుతో రుద్దడం) చాలు. రంగు పైనున్న క్లియర్ కోట్, అంటే పారదర్శకమైన పొర, మందం సుమారు 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), రుద్దిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది.

గీతలు పోవాలని తలుపుకి కొత్త పెయింట్ మాత్రం వేయించకండి. పాత కార్లు కొనేవాళ్ళు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తారు. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు దగ్గర అంతకు బాగా ఎక్కువ చూపిస్తే, యాక్సిడెంట్ అయిందా అని అడుగుతారు. మా ఎడమ తలుపు మీద గేటు గీసుకున్న గీత ఉంది. పెయింటింగ్‌కి నాలుగు వేలు చెప్పారు. అలాగే వదిలేసి, ఎలా అయిందో చెప్పాను. కొన్నాయన మూడు వేలు తగ్గించమన్నాడు, తగ్గించాను. ఆయనా నేనూ తృప్తిగానే ఉన్నాం.

ఇంజన్‌ని ప్రెషర్ వాష్ చేయించొద్దు. వైరింగ్‌లోకి నీళ్ళు వెళితే కొత్త తలనొప్పి. పైగా తళతళలాడే ఇంజన్ చూస్తే మెకానిక్, ఆయిల్ లీకేజీ దాచారా అనుకుంటాడు. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, అంతే.

క్లీనింగ్ శుక్రవారానికి అయ్యేలా చూసుకోండి. శనివారం పొద్దున్నే ఎండలో ఫోటోలు తీసి ప్రకటనలో పెట్టొచ్చు, చూడటానికి వచ్చేదీ ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. ఆ రెండు రోజులూ బేస్‌మెంట్‌లో పెట్టకండి. పైకప్పు నుంచి సున్నపు నీళ్ళు కారితే బానెట్ మీద తెల్లటి మరక పడి మళ్ళీ మొదటికొస్తుంది.