పైమాల్ సెట్టింగుల గురించి మా అమ్మలూకు

చి. అమ్మలూకు,

పెద్దనాన్న ఆశీస్సులు. సీనియర్ ఇచ్చిన సెట్టింగుల ఫైలు, దాంతోపాటు పది ప్లగిన్లు ఒకేసారి ఎక్కించుకున్నావనీ, ఇప్పుడు ప్రొటీన్ల త్రీడీ బొమ్మలు చూపించే పైమాల్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటోందనీ ఫోన్లో చెప్పావు. టెన్షన్ పడకు. టెర్మినల్లో పైమాల్ అని కొట్టి పక్కన మైనస్ కె చేర్చు. నీ ఫైలునీ ప్లగిన్లనీ పట్టించుకోకుండా, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పటిలా తెరుచుకుంటుంది.

ఇక మొదటి నుంచి నీకు నువ్వే కట్టుకో. ఫైల్ మెనూలో పైమాల్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలును ఎడిట్ చేసే వీలుంది. అందులో రాసిన వరుసలు పైమాల్ తెరిచిన ప్రతిసారీ నడుస్తాయి. మొదట మూడు చాలు: బ్యాక్‌గ్రౌండ్ తెలుపు, రే ట్రేసింగ్‌లో, అంటే నాణ్యమైన చివరి బొమ్మ తీసేటప్పుడు, నీడలు వద్దు, డౌన్‌లోడ్ చేసిన ప్రొటీన్ స్ట్రక్చర్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి. ప్రతి వరుస పైన హాష్ గుర్తు పెట్టి, అది ఎందుకో తెలుగులోనే రాసుకో. కారణం రాయలేని వరుస నీ ఫైల్లో ఉండొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. బొమ్మ రూపాన్ని మార్చేవి ఎన్నైనా పెట్టుకో, పరమాణువుల జోలికి వెళ్లేది మాత్రం ఒక్కటీ ఆటోమేటిగ్గా నడవకూడదు. నేను హెచ్ఐవీ వైరస్ ఎంజైమైన ప్రొటియేజ్ మీద పనిచేసే రోజుల్లో, స్ట్రక్చర్ తెరవగానే అందులోని నీటి అణువులన్నీ తీసేసే చిన్న కమాండ్ రాసుకున్నాను. బొమ్మ శుభ్రంగా కనిపించేది. ప్రొటీన్ డేటా బ్యాంకులో 1హెచ్ఎస్‌జీ అనే కోడ్ ఉన్న ఆ ఎంజైము స్ట్రక్చర్ తెరిచి, అందులోని ఇండినవిర్ మందు ఎంజైముకి ఎలా అతుక్కుందో రెండు రోజులు చూశాను. ఎంజైము పైన మూతల్లా ఉండే రెండు ఫ్లాప్‌లకూ మందుకూ మధ్య దూరం ఎక్కువగా ఉంది, నేరుగా హైడ్రోజన్ బంధం కుదరడం లేదు. కుదరదు మరి! ఎంజైములోని రెండు గొలుసుల్లో 50వ స్థానంలో ఉండే ఐల్యూసిన్ అమైనో ఆమ్లాలనూ (ఐల్యూసిన్ 50లు) మందునూ కలిపి పట్టుకునేది అక్కడున్న ఒకే ఒక్క నీటి అణువు. దాన్ని నా కమాండే ఊడ్చేసింది. 1994లో ఇదే ఎంజైమును అడ్డుకునే సైక్లిక్ యూరియా నిరోధకాలను తయారుచేసిన వాళ్లు ఆ నీటి చోటును మందుతోనే నింపాలని చూశారు. అంత విలువైన చోటది. అందుకే నీళ్లు అడ్డమనిపిస్తే హైడ్ వాడు, రిమూవ్ వాడకు. హైడ్ కంటికి కనపడకుండా చేస్తుంది, అంతే. రిమూవ్ ఆ పరమాణువులను మెమరీలోంచే తీసేస్తుంది.

ఇంకొకరి సెషన్ ఫైలు తెరిస్తే వాళ్ల సెట్టింగులు కూడా వెంట వస్తాయి. నీవి పోయాయని కంగారు పడకు.

ప్లగిన్ల సంగతి. ఒకటి ఎక్కించు, పైమాల్ మూసి తెరువు, వారం వాడు, ఆ తర్వాతే రెండోది. ప్లగిన్ అంటే నీ కంప్యూటర్ మీద నడిచే పైథాన్ ప్రోగ్రామే, కాబట్టి ఎవరు రాశారో చూడకుండా ఎక్కించకు. పైథాన్ 2 కాలంలో రాసినవి చాలావరకు ఇప్పుడు నడవవు, వాటితో కుస్తీ పట్టి రోజులు పోగొట్టుకోకు. రోజూ అక్కర్లేనివాటికి ప్లగిన్ మేనేజర్‌లో స్టార్టప్ టిక్కు తీసెయ్.

ఏపీబీఎస్ ప్లగిన్ నీకు తప్పకుండా పనికొస్తుంది. ప్రొటీన్ ఉపరితలం మీద విద్యుత్ పొటెన్షియల్‌ను ఎరుపు (రుణ), నీలం (ధన) రంగుల్లో చూపిస్తుంది. రెండు ప్రొటీన్లను పోల్చేటప్పుడు రంగుల హద్దు రెండింటికీ ఒకటే ఉంచు. ఒకదానికి మైనస్ 5 నుంచి ప్లస్ 5, ఇంకోదానికి మైనస్ 1 నుంచి ప్లస్ 1 పెడితే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ హద్దు ఎంతో బొమ్మ కింద తప్పకుండా రాయి.

ఈ ఆదివారం మూడు వరుసల ఫైలుతో 1హెచ్ఎస్‌జీ తెరిచి, ఐల్యూసిన్ 50ల దగ్గర ఆ నీటి అణువును వెతుకు. దొరికాక నాలుగు బంధాలూ గీసి నాకు బొమ్మ పంపించు.

మీ పెద్దనాన్న