ప్రెస్సులో వేళ్లు నలిగిన తమ్ముడి విషయం: సమాధానం

ప్రెస్సులో మీ తమ్ముడి రెండు వేళ్లు నలిగాయని, ‘నా అజాగ్రత్తే’ అన్న కాగితం మీద అతన్ని సంతకం పెట్టమని యజమాని అడుగుతున్నారని రాశారు. పెట్టనివ్వకండి. చాలా దేశాల్లో పరిహారానికి యజమాని తప్పు నిరూపించనక్కరలేదు.

నేను ముందు అడిగేది ఒకటే: ఆ రోజు యంత్రానికి రక్షణ కవచం ఉందా? పని త్వరగా సాగాలని దాన్ని విప్పి గోడకు ఆనించడం చాలాచోట్ల మామూలే. కవచం లేని యంత్రం మీద ఎవరినీ పనిచేయమనకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963 ఒప్పందంలోనే ఉంది. మరమ్మతు జరగకముందే ఫొటోలు తీయించండి, చూసినవారి పేర్లు రాసుకోండి.

ఆసుపత్రి చీటీ కూడా చదవండి. ‘ఇంట్లో తలుపు సందులో పడ్డాయి’ అని రాయించే ఘనులున్నారు! ప్రమాదం గురించి యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం చేయించిన నకలు దగ్గర ఉంచుకోండి. క్లెయిముకు గడువు ఉంటుంది, కార్మిక శాఖలో ఈ వారమే అడగండి.