తెప్ప అడుగున వేసిన ఫైబర్‌లో గాలి బుడగలు: మొత్తం తీసేయాలా, సిరంజితో రెసిన్ ఎక్కిస్తే చాలా?

తమ్ముడూ, భావనపాడు దగ్గర మీ నాన్నగారి ఫైబర్ తెప్పకి అడుగున రెండు పొరల మ్యాట్ (గాజు నార పరుపు) వేశామని, తెల్లారేసరికి అక్కడక్కడా తెల్లగా ఉబ్బిందని, మొత్తం గ్రైండింగ్ పట్టాలా లేక సిరంజితో రెసిన్ (నారలోకి ఇంకి గట్టిపడే జిగురు ద్రవం) ఎక్కిస్తే సరిపోతుందా అని అడిగావు. జవాబు ముందే చెప్పేస్తాను. ఇసుక మీద లాగే చోట సిరంజి వైద్యం పనికిరాదు, కోసి తీసేయాల్సిందే. అయితే మొత్తం కాదు, ఉబ్బిన చోటు మటుకే.

నేను కళింగపట్నం వైపు ఈ రిపేర్లే చేస్తుంటాను. మన వైపు చాలామందిలాగే నేనూ చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి వచ్చినవాణ్నే. అక్కడ బోటు ఎక్కకుండా షెడ్డులో పనికి కుదిరాను, అలా చేతికి అంటుకుంది ఈ పని. ఇంటికొచ్చాక మొదటిసారి సొంతంగా చేసింది మా మావయ్య తెప్ప. వేట నిషేధం టైమ్, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, మే నెల, మిట్టమధ్యాహ్నం, నీడ లేదు. అర బకెట్ రెసిన్‌లో ఒకేసారి హార్డెనర్, అంటే రెసిన్‌ని గడ్డకట్టించే మందు, పోసేశాను. రెండో మ్యాట్ పరిచేలోపే బకెట్ వేడెక్కి పొగ మొదలైంది, టెన్షన్‌లో మిగిలినదంతా గబగబా పూసేసి రోలర్‌తో రుద్దుతూ ఉంటే మావయ్య, "ఏటిరా ఆ రుద్దుడు, సపాతీ పిండేటి?" అన్నాడు. సాయంత్రానికి పూరీల్లా పొంగి కూర్చుంది.

ఒక బుడగ బ్లేడుతో కోసి చూశాను. లోపల మ్యాట్ పొడిగా, కొత్తగా రోల్ నుంచి చింపినట్టే ఉంది. పైన మెరుపు, కింద ఉత్త నార. అప్పుడు తెలిసింది, నేను రోలర్ తక్కువ తిప్పి కాదు, రెసిన్ కింద దాకా ఇంకేలోపే గడ్డకట్టేసింది. మన ఎండల్లో బుడగలకి సగం కారణం ఇదే, గాలి బయటికి పోయే టైమ్ మనం ఇవ్వం.

పాలియెస్టర్ రెసిన్ కిలోకి హార్డెనర్ 10 నుంచి 20 మిల్లీలీటర్లు పడుతుంది. ఎండాకాలం 10 దగ్గరే ఉండు. అంతకన్నా తగ్గిస్తే ఎక్కువ టైమ్ దొరుకుతుందని కొందరంటారు, అలా చేస్తే అది ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు, ఆ తెలివి వద్దు. దానికి బదులు అర కిలో చొప్పున కలుపుకో, కలిపింది బకెట్‌లో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకో, వేడి పోయి ఇంకాస్త సేపు నిలుస్తుంది. గిలక్కొట్టినట్టు కలపకు, ఆ నురగే రేపు బుడగలు. పని పొద్దున్నే మొదలుపెట్టు, తెప్ప మీద నీడ ఉండాలి. ఇంకొకటి, ప్రాణం మీది సంగతి కాబట్టి చెప్తున్నా: మీ రెసిన్‌లో కోబాల్ట్ (గడ్డకట్టడాన్ని వేగం చేసే మందు) విడిగా కలుపుకోవాల్సి వస్తే ముందు కోబాల్ట్ వేసి బాగా కలిపాకే హార్డెనర్ వెయ్యి. రెండూ నేరుగా తగిలితే మంట, పేలుడు కూడా. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోగలదు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తియ్యకు.

ఇక మ్యాట్ సంగతి. ముందు తెప్ప మీద రెసిన్ పూసి, దాని మీద మ్యాట్ పరచి, పైన మళ్లీ రెసిన్ పట్టించాలి. కింద తడి లేకుండా పై నుంచి పోస్తే గాలి మధ్యలో చిక్కిపోతుంది. పూశాక ఒకటి రెండు నిమిషాలు ఊరుకో. నార ముక్కల్ని పట్టి ఉంచే జిగురు రెసిన్‌లో కరగాలి, అప్పటిదాకా మ్యాట్ అట్టలా బిగుసుకుని ఉంటుంది, తర్వాత తడి గుడ్డలా మెత్తగా వాలిపోతుంది. ఆ మెత్తదనం వచ్చాక గాడులున్న ఇనుప రోలర్‌తో మధ్య నుంచి అంచులకి మెల్లగా తోసుకుంటూ పో. గట్టిగా నొక్కితే రెసిన్ పిండుకుపోయి వెనకాలే గాలి దూరుతుంది. ఎంత రెసిన్ అంటే మ్యాట్ బరువుకి రెండు, రెండున్నర రెట్లు. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్‌కైతే మీటరుకి కిలో అటూ ఇటూ.

మూలలు వేరే గొడవ. మ్యాట్ నిటారు మూలలో మడత పడదు, పైకి లేచిపోతుంది, నువ్వు వెనక్కి తిరిగిన నిమిషంలో అక్కడ బుడగ. రెసిన్‌లో టాల్క్ పౌడర్ కలిపిన ముద్దతో ఆ మూలని బొటనవేలంత గుండ్రంగా పూడ్చి, ఆ తర్వాత మ్యాట్ వెయ్యి. అంచులు కత్తెరతో కాకుండా చేత్తో చింపు, పీచు పీచుగా ఉన్న అంచు చక్కగా అంటుకుంటుంది.

చెక్క మీద ఫైబర్ వేసేటప్పుడు మాత్రం పొద్దున పని పనికిరాదు. ఎండెక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పచ్చి రెసిన్‌లోంచి సన్న బొబ్బల్లా పైకొస్తుంది. పొద్దు వాలి చెక్క చల్లారుతున్నప్పుడు మొదటి పూత వేస్తే అది రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. మావయ్య తెప్పలో మోటారు బిగించే పలక మీద ఇది రెండుసార్లు చెడగొట్టాకే నాకు ఎక్కింది.

ఇప్పుడు నీ తెప్ప. రూపాయి బిళ్ల తీసుకుని అడుగంతా తడుతూ పో. బాగున్న చోట టంగుమంటుంది, బోలుగా ఉన్న చోట డబ్‌డబ్‌మంటుంది. చాక్‌పీస్‌తో సున్నాలు చుట్టు. కంటికి కనిపించనివి కూడా రెండు మూడు దొరుకుతాయి. సూదిమొనంత చుక్కలు, అవీ తెప్ప లోపలి వైపు నీళ్లు తగలని చోట ఉంటే వదిలెయ్యి, వాటికోసం గ్రైండర్ తిప్పడం కరెంటు దండగ. రూపాయి బిళ్ల కన్నా పెద్దవీ, నీళ్లలో మునిగే చోటువీ అన్నీ తీసేయాలి.

తీసేటప్పుడు గ్రైండర్‌కి 36 లేదా 40 నంబరు గరుకు డిస్కు పెట్టి గట్టి పొర తగిలేదాకా కొట్టి, గుంట అంచుని పల్లంగా చెక్కు. లోతుకి పన్నెండు రెట్లు వెడల్పు లెక్క, అంటే 5 మిల్లీమీటర్ల లోతుకి చుట్టూ 60 మిల్లీమీటర్లు. ఇది చూసి అందరూ బెదిరిపోయి రెండు వేళ్ల వెడల్పుతో సరిపెడతారు, ఆ అతుకు మళ్లీ లేస్తుంది. తెప్పకి ఉప్పునీటి తడి ఉంటే ముందు మంచినీళ్లతో కడిగి బాగా ఆరనివ్వు, తడి మీద ఏ రెసిన్ పట్టదు. పొడి తుడిచి, అసిటోన్ గుడ్డతో ఒకసారి తుడిచి, అది ఆరిపోయాక మొదటి పొర మ్యాటే వెయ్యి, నేత గుడ్డ కాదు, పాత ఫైబర్‌కి మ్యాటే బాగా అతుకుతుంది. ఆ పొర బంక బంకగా గడ్డకట్టే దశలో ఇంకా ఏదైనా బుడగ కనిపిస్తే అప్పుడే కట్టర్‌తో కోసెయ్యి, వెన్నలా తెగుతుంది. మర్నాటికి అదే బుడగకి గ్రైండర్, మాస్కు, నిండు చేతుల చొక్కా, దురద అన్నీ కావాలి.

సిరంజి ఎక్కడ వాడొచ్చంటే, లోపలి గోడల మీద, బుడగ చిన్నదై చుట్టూ గట్టిగా అతుక్కుని ఉన్న చోట. 3 మిల్లీమీటర్ల కన్నాలు రెండు వెయ్యి, ఒకటి కింద, ఒకటి పైన. కింద నుంచి రెసిన్ ఎక్కించు, పై కన్నంలోంచి కారేదాకా. ఒకటే కన్నం వేస్తే గాలి పోవడానికి దారుండదు, రెసిన్ వెనక్కి నీ మొహం మీదకే చిమ్ముతుంది. నాకు చిమ్మింది, గడ్డానికి అంటింది, గీసేస్తే గానీ పోలేదు.