మోకాలి నొప్పి ఉంటే పరుగు మానేయాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు పరుగెత్తుతున్నాను. ఆగస్టులో జరిగే మారథాన్‌లో 10 కిలోమీటర్ల విభాగంలో పాల్గొనాలని గత నెలలో రోజువారీ దూరాన్ని 4 నుంచి 7 కిలోమీటర్లకు పెంచాను. అప్పటి నుంచి కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు బాగా తెలుస్తోంది. వాపు లేదు. ఎమ్మారై తీయిస్తే చిప్ప వెనుక గుజ్జు కొద్దిగా మెత్తబడిందని వచ్చింది. ఇంట్లోవాళ్లు పరుగు మానేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది మోకాలి చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే నొప్పిలా కనిపిస్తోంది. దీన్ని పాటెల్లోఫెమొరల్ పెయిన్ అంటారు. పరుగెత్తేవారిలో ఇది ఎంత సాధారణమంటే దీనికి ‘రన్నర్స్ నీ’ అన్న పేరే స్థిరపడింది. మోకాలు మడిచి దాని మీద బరువు మోపిన ప్రతిసారీ చిప్ప తొడ ఎముక మీది గాడిలో నొక్కుకుంటూ జారుతుంది కాబట్టి, చదునైన నేల మీద నడిచేటప్పుడు అంతగా తెలియని నొప్పి మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు బయటపడుతుంది.

ఎమ్మారైలో రాసినదాన్ని చూసి బెంగపడకండి. నొప్పి ఊసే లేని నలభై ఏళ్లవారికి స్కాన్ తీసినా చాలామందిలో ఇలాంటి మార్పులు కనిపిస్తాయి. ‘గుజ్జు అరిగిపోయింది’ అన్న ఒక్క మాట విని నడక కూడా మానేసి, తొడ కండరాలు సన్నబడి, నొప్పి మరింత పెంచుకుని వచ్చేవారిని ఓపీలో తరచూ చూస్తుంటాను. పరుగు వల్లే కీళ్లు అరిగిపోతాయన్నది కూడా అంత తేలిగ్గా అనదగిన మాట కాదు. అనేక అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరుగెత్తేవారిలో 13.3 శాతం ఉన్నట్లు తేలింది. అంతమాత్రాన పరుగు కీళ్లకు మందు అని చెప్పలేం గానీ, మీరు పరుగెత్తే స్థాయికి భయపడాల్సిన అవసరం లేదు.

అసలు తప్పు దూరం పెంచిన తీరులో జరిగింది. వారానికి 20 కిలోమీటర్ల నుంచి నెల తిరక్కుండానే 35కు వెళ్లారు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి ఇంకా పరుగెత్తగలమనిపిస్తుంది. కానీ కండరాలు, స్నాయువులు, కీళ్లు ఆ భారానికి అలవాటుపడటానికి నెలలు పడుతుంది.

పూర్తిగా మానేయకుండా, ప్రస్తుతానికి రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లే, 3 లేదా 4 కిలోమీటర్లు పరుగెత్తండి. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకుంటే, పరుగెత్తేటప్పుడు మూడు దాటకూడదు. దాటితే ఆగి నడవండి. అంతకంటే ముఖ్యమైన పరీక్ష మర్నాడు ఉదయం ఇంటి మెట్లు దిగేటప్పుడు జరుగుతుంది: నొప్పి ఎప్పటిలాగే ఉంటే నిన్నటి దూరాన్ని మోకాలు తట్టుకుందని, పెరిగితే ఆ దూరం ఎక్కువైందని అర్థం. రెండు వారాలు ఇలా నెమ్మదిగా గడిచాకే దూరం పెంచండి, అదీ కొద్దికొద్దిగా. దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచవద్దు.

అడుగుల తీరును కూడా గమనించండి. పరుగెత్తేటప్పుడు ఒక నిమిషంలో కుడి పాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. అది 160 వస్తే, వేగం మార్చకుండా 168 నుంచి 172 వరకు పెంచే ప్రయత్నం చేయండి. అడుగు చిన్నదవుతుంది, పాదం శరీరానికి బాగా ముందుకు కాకుండా దాదాపు కిందనే పడుతుంది, దాంతో చిప్ప మీద పడే భారం తగ్గుతుంది. మొదటి వారం కాస్త ఇబ్బందిగా అనిపించడం సహజం.

అయితే అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది తొడ, తుంటి కండరాల వ్యాయామమే. మందులు రాయమని అడిగేవారికి ఈ సలహా అంతగా రుచించదు. అద్దం ఎదురుగా ఆరంగుళాల పీట మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ నేలకు తగిలేలా మెల్లగా దిగి చూడండి. కుడి మోకాలు లోపలికి వాలిపోతుంటే తుంటి కండరాలు బలహీనంగా ఉండవచ్చు. మోకాలు పాదానికి సూటిగా ఉండేలా చూసుకుంటూ ఇదే కదలికను పది పన్నెండుసార్లు, మూడు విడతలుగా చేయండి. దీంతోపాటు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం, పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం వారానికి మూడు రోజులు చేస్తే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మోకాలికి తొడిగే పట్టీ (నీ క్యాప్) వేసుకుంటే కొందరికి ధైర్యంగా ఉంటుంది, అంతవరకే. పరుగుకు ముందు నొప్పి మాత్ర మాత్రం వేసుకోకండి. అది ఆగమని చెప్పే నొప్పిని కప్పేస్తుంది, పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇలాంటి మాత్రలు కిడ్నీలకు హాని చేయవచ్చు.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, నడుస్తుంటే జారిపోతున్నట్లు అనిపించినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, ఎముక మీద ఒకేచోట నొక్కితే తట్టుకోలేనంత నొప్పి ఉన్నా పరుగు వెంటనే ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. మోకాలు ఎర్రబడి వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అదే రోజు వెళ్లాలి. ఇవేమీ లేకున్నా ఆరు వారాల్లో నొప్పి తగ్గుముఖం పట్టకపోతే ఒకసారి ప్రత్యక్షంగా పరీక్ష చేయించుకోవడం అవసరం.

ఇక ఆగస్టు పోటీ సంగతి. మూడు వారాల ముందు నాటికి 8 కిలోమీటర్లు పరుగెత్తి, మర్నాడు మెట్లు మామూలుగా దిగగలిగితే 10 కిలోమీటర్లకు వెళ్లండి. లేకపోతే ఈసారికి 5 కిలోమీటర్లతో సరిపెట్టుకోండి. దేనికి వెళ్లినా, దారిలో ఫ్లైఓవర్ దిగాల్సి వస్తే అక్కడ వేగం పెంచకండి, అవసరమైతే నడవండి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మీ మోకాలికి కష్టం ఎక్కువ.