పద్నాలుగు పుస్తకాల మీద అడ్డగీత

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఎంబీఏలో సీటు వచ్చిందన్న నీ ఉత్తరమూ, దాని వెనకే నువ్వు పంపిన పద్నాలుగు పుస్తకాల జాబితా రెండూ చదివాను. మొదటిది చూసి సంతోషించాను, రెండోది చూసి నవ్వుకున్నాను. తరగతులు మొదలు కావడానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి కనుక ఈలోగా వ్యాపార విద్య అంతా వంటబట్టించుకుని వెళ్లాలని నీ ఆరాటం. ముప్పై ఒకటో ఏట ఉద్యోగం వదిలి చదువుకు బయల్దేరినప్పుడు నేనూ ఇలాంటి జాబితానే రాసుకున్నాను. మూడో పుస్తకం సగంలో ఉండగానే తరగతులు మొదలయ్యాయి. ఆ రెండున్నర పుస్తకాల్లో ఉన్నదంతా మొదటి నెలలోనే, నాకంటే బాగా తెలిసినవాళ్లు పాఠంగా చెప్పారు. వాళ్లు చెప్పని పనులు కొన్ని ఉంటాయి. అవి మాత్రం చేసుకోకుండా వెళ్లాను. అందుకే నీ జాబితా మీద అడ్డగీత గీస్తున్నాను. కోప్పడకు.

ముందు కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో రసమేమీ లేదు. అడ్వాన్సు ఫీజు గడువుకు రెండు రోజుల ముందే కట్టు. నీకు సీటిచ్చిన మిగతా కాలేజీలకు రావడం లేదని వెంటనే రాయి, వెయిటింగ్ లిస్టులో ఎవరో ఆ సీటు కోసం నిద్ర మానుకుని కూర్చుని ఉంటారు. వీసాకు దరఖాస్తు, టీకాల రికార్డు, ఆరోగ్య బీమా, వసతి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఏది ముందో ఏది వెనకో ఒక కాగితం మీద రాసుకో. దరఖాస్తులో నువ్వు రాసిన ఉద్యోగ తేదీలు, జీతం, హోదా నీ కంపెనీ ఇచ్చే పత్రాలతో సరిపోతున్నాయో లేదో ఇప్పుడే చూసుకో. చాలా కాలేజీలు చేరేముందు ఇవన్నీ తనిఖీ చేయిస్తాయి. నెల తేడా ఉన్నా నువ్వే ముందుగా చెబితే అది పొరపాటు, వాళ్లు కనిపెడితే అబద్ధం. మార్కుల పత్రం సీలు వేసిన కవరులో వస్తే తెరవకు. నేను తెరిచాను. నా మార్కులు నాకు తెలియనివి కావు, కవరు లోపల ఎలా ఉంటాయో చూద్దామన్న కుతూహలం, అంతే. సీలు తీసిన కవరు చెల్లదన్నారు. ఇంకోటి తెప్పించుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

ఇక చదువు. నాలుగు నెలల్లో ఒక్కటి నేర్చుకోగలిగితే అది అకౌంటింగ్. నువ్వు ఇంజినీరింగ్ చదివినదానివి, లెక్కలంటే భయం లేదని నాకు తెలుసు. నన్ను దెబ్బతీసింది కూడా ఆ ధైర్యమే. అకౌంటింగ్‌లో కూడికలు, తీసివేతలు తప్ప పెద్ద గణితమేమీ లేదు. అది ఒక భాష. దాని వ్యాకరణం తెలియకపోతే ఫైనాన్స్ తరగతిలోనూ, వ్యూహం తరగతిలోనూ, చివరికి మార్కెటింగ్‌లోనూ మూగగా కూర్చోవాలి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక వ్యాపారి 60 నగదు పెట్టి సరుకు కొన్నాడు. అదంతా 100కు అరువు మీద అమ్మాడు. ఇంకా ఒక్క పైసా వసూలు కాలేదు. అతనికి లాభమా, నష్టమా? లాభనష్టాల ఖాతా 40 లాభం అంటుంది. గల్లాపెట్టె చూస్తే 60 తక్కువ ఉంది. రెండూ నిజమే. నగదు ప్రవాహ పట్టిక ఈ రెంటికీ మధ్య వంతెన కడుతుంది. లాభం 40తో మొదలుపెట్టి, రావలసిన బాకీ 100 తీసేస్తే మైనస్ 60 వస్తుంది. లాభం చూపిస్తూనే కంపెనీలు ఎలా మూతపడతాయో ఈ మూడు అంకెల్లో ఉంది. నాకు ఇది అర్థం కావడానికి సగం టర్ము పట్టింది, అదీ మొదటి పరీక్షలో తల వంచుకుని బయటికి వచ్చాక.

కాబట్టి ఏదో ఒక ప్రాథమిక పుస్తకం తీసుకుని, పక్కన నోటు పుస్తకం పెట్టుకుని, పద్దులు చేత్తో రాయి. ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసే ఈ పద్ధతిని లూకా పాచియోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. ఆయన దాన్ని కనిపెట్టలేదు, అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని పద్ధతిగా రాసిపెట్టాడు. అయిదు వందల ఏళ్ల కిందటి వర్తకులకు చేతనైనది మనకు చేతకాకపోదు. నాలుగు వారాల్లో పద్దులు వచ్చాక, నీకు ఇష్టమైన ఏదైనా కంపెనీ వార్షిక నివేదిక తెచ్చుకుని చదువు. ముందు మాటలో ఛైర్మన్ చెప్పే కబుర్లు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉండే వివరణలు చూడు. అసలు కథ అక్కడుంటుంది.

గణాంకశాస్త్రంలో సగటు, అంకెలు ఆ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం, ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే రిగ్రెషన్ ఎందుకు వాడతారో తెలిస్తే చాలు. ఆర్థికశాస్త్రం అక్కడే చెబుతారు, వదిలెయ్యి.

స్ప్రెడ్‌షీటు మాత్రం వదలకు. నీకు ఎక్సెల్ వచ్చని అంటావు. వచ్చునంటే పట్టికలు నింపడం వచ్చునని కాదు. ఒక అంకె మార్చితే మిగతావన్నీ వాటంతటవే మారేలా పట్టిక కట్టడం వచ్చా? వ్యాపార విద్యార్థికి ఇదేమీ పరాయి విద్య కాదు. 1978లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి హార్వర్డ్ బిజినెస్ స్కూలు తరగతిలో కూర్చుని ఉండగా, ప్రొఫెసరు నల్లబల్ల మీద పెద్ద లెక్కల పట్టిక వేశాడట. అందులో ఒక అంకె తప్పని తేలి, దాని మీద ఆధారపడ్డ గళ్లన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఇదంతా కంప్యూటరే చేస్తే బాగుండునని అతనికి తోచింది. మరుసటి ఏడాది, 1979లో, స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విసికాల్క్ అనే ప్రోగ్రాము తెచ్చాడు. ఈనాటి స్ప్రెడ్‌షీట్లన్నిటికీ అదే పెద్దక్క. తరగతిలో విసుగు పుడితే ఏం చేయాలో నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదొక్కటే.

ఆ పట్టిక కట్టడం సాధన చేయడానికి నీ చదువు అప్పుకు మించిన సరుకు లేదు. లక్ష అప్పు, 10 శాతం వడ్డీ, పదేళ్ల వాయిదాలు అనుకో. నెలకు సుమారు 1,322 కట్టాలి, మొత్తం మీద లక్షా యాభై ఎనిమిది వేల పైచిలుకు. చదువుకునే రెండేళ్లూ ఏమీ కట్టక్కర్లేదని బ్యాంకు తియ్యగా చెబుతుంది. కట్టక్కర్లేదు నిజమే, వడ్డీ మాత్రం ఆగదు. ఏడాదికోసారి అసలులో కలిపారనుకున్నా రెండేళ్లకు లక్ష కాస్తా 1,21,000 అవుతుంది. అప్పుడు వాయిదా దాదాపు 1,599, మొత్తం కట్టేది లక్షా తొంభై ఒక్క వేలు దాటుతుంది. నీ అప్పు ఎన్ని లక్షలైతే అన్ని రెట్లు హెచ్చవేసుకో. చదువుకునే రోజుల్లో నెలనెలా వడ్డీ మటుకు కట్టగలిగితే ఎంత మిగులుతుందో ఇంకో వరసలో వెయ్యి. ఫీజు ఒక్కటే ఖర్చు అనుకోకు. వసతి అడ్వాన్సు, క్లబ్బుల రుసుములు, ఇంటర్వ్యూలకు సూటు, తోటివాళ్లు హఠాత్తుగా తలపెట్టే ప్రయాణాలు, మారకపు రేటులో మార్పు ఒక్కొక్కటీ ఒక్కో గడి. నేను మొదటి టర్ములో ప్రయాణాల దగ్గర మొహమాటపడ్డాను, రెండో టర్మంతా దానికి జవాబు చెప్పాను. ఏ ప్రయాణానికి రాలేవో ఇక్కడినుంచే తేల్చుకుని వెళితే, అక్కడ కాదనడం తేలిక.

ఇక నీ విషయంలో నాకు అసలు బెంగ వేరే ఉంది. నువ్వు మాట్లాడవు. ఇంట్లో పదిమంది ఉంటే పదకొండోదానిలా మూల కూర్చుంటావు. అక్కడ చాలా పాఠాలు కేసుల మీద నడుస్తాయి. ఒక కంపెనీ ఇరకాటంలో పడ్డ కథ పది, ఇరవై పేజీలు ఇచ్చి, నువ్వయితే ఏం చేస్తావని అడుగుతారు. ప్రొఫెసరు తరగతికి రాగానే ఎవరో ఒకరి పేరు పిలిచి మొదలుపెట్టమంటాడు. చాలా చోట్ల తరగతిలో మాట్లాడినదానికి మార్కులు కూడా ఉంటాయి. ఇందులో నాకు తెలిసిన కిటుకు ఒకటే. ఎంత ఆలస్యం చేస్తే నోరు అంత పెగలదు. మొదటి పది నిమిషాల్లో చిన్న మాటైనా అనాలి, కనీసం ఒక ప్రశ్నైనా అడగాలి. ఆఫీసులో నీకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి కదా, ప్రతి మీటింగులో ఇది చేసి చూడు. తప్పు మాట్లాడినా ఉద్యోగం ఎలాగూ మానేస్తున్నావు, ఇంతకంటే చవకగా సాధన దొరకదు. కేసు చదివేటప్పుడు మొదటి పేజీ, చివరి పేజీ, వెనకనున్న పట్టికలు ముందు చూడు, ఆ తర్వాత మధ్యలోకి వెళ్లు. ఎవరు, ఎప్పటిలోగా, ఏ నిర్ణయం తీసుకోవాలో ఒక వాక్యంలో రాయలేకపోతే నువ్వు దాన్ని ఇంకా చదవనట్టే.

ఆఫీసు మానేటప్పుడు పని అప్పగించి రా. నీ తర్వాత వచ్చేవాడికి చక్కగా రాసిపెట్టు. రేపు ఉద్యోగాల వేళ నిన్ను గురించి నాలుగు మాటలు అడిగేది ఆ పై అధికారినే.

ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే ఇంత పొడుగు ఉత్తరం. దరఖాస్తుతో పంపిన వ్యాసంలో, ఆసుపత్రులకు మందులు సకాలంలో చేరే ఏర్పాట్ల మీద పనిచేయాలనుందని రాశావు. ఆ వ్యాసం నేనూ దిద్దాను. మూడుసార్లు నునుపు పెట్టాం. చివరికది కాలేజీకి నచ్చేలా తయారైంది, నీలా మిగిలిందో లేదో నాకు అనుమానమే. ఇప్పుడు సీటు చేతిలో ఉంది, ఎవరినీ మెప్పించక్కర్లేదు. అదే సంగతి నీకోసం మళ్లీ ఒక పేజీ రాయి. ఎందుకు వెళ్తున్నావు, ఏ పని దొరికితే తక్కువ జీతమైనా చేస్తావు, ఏ పని ఎంత ఇచ్చినా వద్దంటావు అని. ఈ మూడోదే కష్టం, దాని మీద ఎక్కువసేపు కూర్చో.

ఎందుకంటే అక్కడ ఏం జరుగుతుందో నేను చూశాను. నేను కర్మాగారాలు నడపడం నేర్చుకుందామని వెళ్లాను. రెండేళ్ల కోర్సుల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌ల హడావిడి మొదటి టర్ములోనే మొదలవుతుంది, అందులోనూ కన్సల్టింగ్ కంపెనీలు, పెట్టుబడి బ్యాంకులు ముందుంటాయి. పుస్తకాల అట్టలు ఇంకా నలగకముందే తరగతిలో సగం మంది నల్ల సూట్లలో తిరుగుతుంటారు. పక్కవాడు దేనికి వరసలో నిలబడ్డాడో దానికే మనమూ నిలబడతాం, నిలబడకపోతే వెనకబడ్డామనిపిస్తుంది. నన్నెవరూ బలవంతం చేయలేదు. ఆరో వారానికి నేనూ ఆ వరసలో ఉన్నాను. ఉద్యోగం వచ్చింది, జీతం బాగుంది, మూడేళ్లు చేశాను. కర్మాగారంలోకి అడుగుపెట్టేసరికి ముప్పై ఆరు దాటాయి. ఆ మూడేళ్లలో నేర్చుకున్నది వృథా అనను. కానీ దాన్ని నేను ఎంచుకున్నానని కూడా అనలేను. ఎంచుకుని వెళ్తే నువ్వు బ్యాంకులో చేరినా నాకు అభ్యంతరం లేదు.

వెళ్లేలోగా నువ్వనుకుంటున్న పనిలో ఇప్పుడున్నవాళ్లను అయిదారుగురిని కలువు. ఉద్యోగం అడగకు. నిన్న ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏం చేశారని అడుగు, రాసుకో. మీరు గొప్పవారని పొగిడి సలహా అడిగితే అందరూ ఒకే ఉపన్యాసం ఇస్తారు. నిన్నటి రోజు గురించి అడిగితే అబద్ధం చెప్పడానికి వాళ్లకే ఓపిక ఉండదు. ఆ నోట్సు నువ్వు రాసుకున్న పేజీకి జత చెయ్యి. రెజ్యూమె ఒక్క పేజీకి కుదించడం కూడా ఈ నెలల్లోనే చేసుకో, అక్కడ దానికి తీరిక దొరకదు.

పళ్లూ కళ్లూ చూపించుకో. అమ్మానాన్నలతో కూర్చుని, మొదటి టర్ములో వారానికొక్కసారే ఫోను చేయగలనని ముందే చెప్పు, లేకపోతే మీ అమ్మ మౌనాన్ని నేను భరించాలి. చివరి రెండు వారాలు ఏమీ పెట్టుకోకు. నిద్రపో.

ఆ జాబితాలోంచి ఒక్క పుస్తకం ఉంచుకోనిస్తాను, ఏదో నువ్వే తేల్చుకో. అది వ్యాపారం గురించి కాకపోతే మరీ మంచిది. వచ్చే ఆదివారంలోగా అప్పు పట్టిక పంపు. వడ్డీ రేటు గడిలో 10 తీసి 11 పెడతాను. కింది గళ్లన్నీ మారాలి. ఒక్కటి కదలకపోయినా ఎర్ర గుర్తు పెట్టి తిప్పి పంపుతాను. నీకోసం రాసుకున్న పేజీ మాత్రం నాకు చూపించకు.

ఆశీస్సులతో,
పెదనాన్న