పక్కింటి వైఫైకి పాస్‌వర్డ్ లేకపోతే వాడుకోవచ్చా?

ప్రశ్న: నేను గ్రూప్-2కు సిద్ధమవుతూ, అశోక్‌నగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ పైనున్న పెంట్‌హౌస్ గదిలో మరో అమ్మాయితో కలిసి అద్దెకు ఉంటున్నాను. పగలు చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుని, సాయంత్రం గదికి వచ్చి ఆన్‌లైన్ క్లాసులు వింటాం. ఫోనులో రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ ఒక్క క్లాసుకే అయిపోతుంది. మా కింది అంతస్తులో రిటైరైన దంపతులు ఉన్నారు. వాళ్ల వైఫైకి పాస్‌వర్డ్ లేదు కాబట్టి కొన్ని నెలలుగా అదే వాడుకుంటున్నాం. “వీధి దీపం కింద కూర్చుని చదువుకుంటే మున్సిపాలిటీ వాళ్లు డబ్బులు అడుగుతారా?” అని నా రూమ్మేట్ వాదిస్తుంది. నాకు మాత్రం మెట్ల మీద ఆంటీ ఎదురైతే ముఖం చెల్లడం లేదు. ఇది నేరమా? రేపు ఉద్యోగం వస్తే పోలీసు వెరిఫికేషన్‌లో ఇబ్బంది అవుతుందా?
— ఒక పాఠకురాలు, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీ రూమ్మేట్ తెచ్చిన పోలిక వినడానికి బాగుంది కానీ ఇక్కడ అతకదు. వీధి దీపం అందరి పన్నులతో, అందరి కోసం వెలిగేది. మీ కింది ఇంటి కనెక్షన్ ఆ దంపతులు తమ పేరు మీద, తమ గుర్తింపు పత్రాలు ఇచ్చి, నెలనెలా బిల్లు కట్టి తెచ్చుకున్నది. అది గోడలు దాటి మీ గదిలోకి వస్తోందన్న కారణంగా మీది కాజాలదు.

ఇక చట్టం సంగతి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని గానీ నిర్వహణ బాధ్యత ఉన్న వ్యక్తి గానీ అనుమతించకుండా కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించినవారు నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. ఆ సెక్షన్ అనుమతి ఉందా అని అడుగుతుందే తప్ప పాస్‌వర్డ్ ఉందా అని అడగదు. పరిహారం ఎంతో తేల్చేటప్పుడు ఎదుటివారికి కలిగిన నష్టంతో పాటు, మీకు చేకూరిన అనుచిత లాభాన్నీ, ఆ పని ఎన్నిసార్లు జరిగిందన్న విషయాన్నీ పరిగణించాలని 47వ సెక్షన్ చెబుతుంది. నెలల తరబడి వాడకం అంటే, ఈ చివరి అంశం మీకు అనుకూలంగా లేదు.

జైలు శిక్ష మాట 66వ సెక్షన్‌లో వస్తుంది. 43వ సెక్షన్‌లో చెప్పిన పనినే నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా చేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అక్రమ లాభం పొందాలనో, ఇతరులకు అక్రమ నష్టం కలిగించాలనో ఉద్దేశం ఉండటమే ఇక్కడ కీలకం. రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫై అనుకుని పొరపాటున పక్క దుకాణం నెట్‌వర్క్‌ను ఎంచుకున్న వ్యక్తికి ఆ ఉద్దేశం ఉందని ఎవరూ అనరు. పాస్‌వర్డ్ పెట్టలేదంటే అందరూ వాడుకోవచ్చని అనుకున్నాం అని మీ తరఫున వాదించడానికీ వీలుంది. అయితే ఆంటీ ఎదురైతే ముఖం చెల్లడం లేదని మీరే రాశాక, ఆ వాదనలో పస ఎంత మిగులుతుందో మీరే ఆలోచించండి. మన దగ్గర ఇంత చిన్న వ్యవహారంలో ఎవరూ పోలీస్ స్టేషన్ దాకా వెళ్లకపోవచ్చు కానీ, లండన్‌లో 2005లో ఇలాగే అనుమతి లేకుండా ఇతరుల వైఫై వాడిన వ్యక్తికి అక్కడి చట్టం కింద 500 పౌండ్ల జరిమానా పడింది. పోలీసు వెరిఫికేషన్ గురించి భయపడకండి. ఫిర్యాదూ కేసూ లేనప్పుడు అందులో కనిపించేది ఏమీ ఉండదు.

వాళ్లకు డబ్బు నష్టమా అంటే, చాలావరకు కాదు. ఇంటి ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాకా పూర్తి వేగం ఇచ్చేవి సాధారణం. మీరిద్దరూ రోజంతా క్లాసులు విన్నా ఆ హద్దు దాటడం కష్టం. మహా అయితే సాయంత్రం వాళ్లు మనవడితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మీరు వాడిన జీబీలు కాదు, ఇన్ని నెలలు మౌనంగా ఉండటం. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగినప్పుడు, వాటికి బాధ్యత ప్రకటిస్తూ వచ్చిన ఈమెయిల్ జాడ నవీ ముంబయిలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. పోలీసులు ఆయన ఇంటికి వెళ్లి కంప్యూటర్లు తీసుకెళ్లారు; ఆయనకు సంబంధం లేదని తేలేదాకా ఆయన పడిన పాట్లు తక్కువేమీ కావు. ఆ తరువాతే ముంబయి పోలీసులు పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ల కోసం వీధుల్లో గాలించారు. ఇంటర్నెట్‌లో ఏ పని జరిగినా దర్యాప్తు ముందుగా చేరేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి గుమ్మానికే. మీరు పాఠాలే వింటున్నారు, సరే. మీకు అందిన సిగ్నల్ పక్క హాస్టల్‌లో ఎవరికైనా, కింద బండి ఆపుకున్న వాడికైనా అందుతుంది. ఆ పెద్దవాళ్లకు ఈ ప్రమాదం తెలియదు, మీకు తెలుసు, వాళ్లకు తెలియకపోవడమే మీకు సౌకర్యంగా ఉంది. ఇందులో నేను సమర్థించలేనిది అదే.

కాబట్టి వెళ్లి చెప్పండి. క్షమాపణతో మొదలుపెట్టి, పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి సాయం చేస్తామనండి. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్‌పై లాగిన్ వివరాలు ఉంటాయి. చాలా రౌటర్లలో బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే సెట్టింగులు తెరుచుకుంటాయి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే భద్రతా పద్ధతులు) ఎంచుకుని, కొత్త పాస్‌వర్డ్‌ను అంకుల్ చేతే టైప్ చేయించండి. ఆ సమయంలో మీరు అటు తిరిగి నిలబడితే మర్యాదగా ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా వాడుకోండమ్మా అని వాళ్లే అంటే, అదే రౌటర్‌లో అతిథుల కోసం వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టించుకోండి. వేరే ఇంటికి పంచడాన్ని చాలా కంపెనీల షరతులు ఒప్పుకోవు గనుక దాన్ని నాలుగు రోజుల సర్దుబాటుగానే చూడండి. ఇద్దరు కలిసి నెలకు నాలుగైదు వందల కనెక్షన్ తీసుకోవడం మీకు మోయలేని భారమేమీ కాదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. వచ్చినవాళ్లు వాడుకుంటారని మేమే వైఫైకి పాస్‌వర్డ్ తీసేశాం. తప్పా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు అనుమతించారు గనుక వాడుకునేవారి తప్పు లేదు. మీకు మాత్రం పైన చెప్పిన చిక్కే ఉంది: ఎవరు ఏం చేసినా ముందు మీ పేరే బయటికి వస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం మీలాంటి దుకాణాల కోసమే ఉంది. దాని కింద పబ్లిక్ డేటా ఆఫీసుగా (అంటే జనానికి వైఫై అందించే కేంద్రంగా) చేరడానికి లైసెన్సు గానీ ఫీజు గానీ అక్కర్లేదు, వాడుకునేవారి గుర్తింపును యాప్ చూసుకుంటుంది, కావాలంటే మీరు రుసుమూ తీసుకోవచ్చు. అందులో చేరేదాకా పాస్‌వర్డ్ పెట్టి, ఇడ్లీ తినడానికి వచ్చినవారు అడిగితే చెప్పండి, నెలకొకసారి మార్చండి.